మూడో పెట్టెలో ఖాళీ గంట

కంప్యూటరు తెర మీద వేలు ఆనించి అంకెల వెంట కిందికి దిగుతున్న చిట్టి ఒకచోట ఆగిపోయింది. మూడో నంబరు పెట్టె, శనివారం లెక్క. పదీ యాభైతొమ్మిది దాకా నిమిషానికొక అంకె ఉంది. ఆ తర్వాత మళ్ళీ పన్నెండు గంటలకే. మధ్యలో గంటసేపు ఏమీ లేదు. పన్ను ఊడిన చోటులా బోసిగా ఉంది.

ఆమె పైకి వెళ్ళింది. శుక్రవారం అదే గంట ఖాళీ. గురువారం అదే. పెట్టెలు బిగించి పది పనిరోజులైతే అందులో ఎనిమిది రోజులు పదకొండు నుంచి పన్నెండు దాకా మూడో పెట్టె నోరు మూసుకుని కూర్చుంది. ఒకటి, రెండు, నాలుగు మాత్రం చక్కగా ఉన్నాయి.

అవి భోజనం క్యారేజీ అంతేసి పెట్టెలు. లోపల చిన్న ఫ్యాను గాలిని పీలుస్తుంది. సన్నటి కాంతి ఆ గాలిలోని దుమ్మును లెక్కపెడుతుంది. లెక్క కార్డులోకి ఎక్కుతుంది. మూడో సంవత్సరం విద్యార్థులు రెండు నెలలపాటు ఒక్కో పరిశోధకుడి దగ్గర పని నేర్చుకోవాలన్నది విశ్వవిద్యాలయం పెట్టిన పథకం. చిట్టి పొడుగన్నకు దక్కింది. ల్యాబు తలుపుల్లో సగానికి సగం అతను తల వంచితేనే లోపలికి రానిస్తాయి కనక ఆ పేరు. రాళ్ళు కోసే చోట గాలిలో దుమ్మెంత అన్నది అతని థీసిస్. ఒక రాళ్ళ యార్డు కావలసివచ్చినప్పుడు, మా అమ్మ పనిచేసే యార్డు ఉందని చెప్పింది చిట్టే. రాతల్లో యార్డు పేరు రాకూడదన్న షరతు మీద యజమాని ఒప్పుకున్నాడు. సాయంత్రం కార్డులు తెచ్చి ఫైల్లోకి ఎక్కించడం పొడుగన్న పని. సగటులు తీసి గీతలు గీయడం చిట్టి పని.

పొడుగన్న కిటికీ దగ్గర బల్ల మీద ఒక పాత పెట్టె విప్పుకుని ఉన్నాడు. పెదాల మధ్య రెండు మరలు.

"అన్నా, మూడో పెట్టెలో పదకొండు గంటల లెక్క ఏమైంది?"

"తీసేశాను," అన్నాడు మరల సందులోంచి.

"మీరా? ఎందుకు?"

"పనికొచ్చే అంకెలు కావు."

"పనికిరావని ఎలా తేల్చారు?"

అతను మరలు తీసి అరచేతిలో పెట్టుకుని ఆమెకేసి చూశాడు. మామూలుగా చూసే చూపు కాదది. సంతలో కొత్త మనిషి ఇచ్చిన నోటును వెలుతురుకు పట్టి చూస్తారే, అలా చూశాడు.

"తర్వాత చెప్తాలే. ముందు మిగతావాటికి సగటు తియ్యి."

చిట్టి తన చోటికి వచ్చి కూర్చుంది గానీ సగటు తీయలేదు. చేరిన మొదటిరోజు ఇదే మనిషి ఆమె చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, "తప్పు రాస్తే చెరపకు. ఒక్క గీత కొట్టు, పక్కన ఎందుకు కొట్టావో రాయి. చెరిపినవాణ్ణి ఎవరూ నమ్మరు," అని చెప్పాడు. అతని ఫైల్లో గీతా లేదు, ఎందుకో రాసిన ముక్కా లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ అప్పుడే పని నుంచి వచ్చి పెరట్లో కుళాయి కింద మోచేతుల దాకా చేతులు రుద్దుకుంటోంది. ఎంత రుద్దినా గోళ్ళ చుట్టూ తెల్లటి గీత మిగిలిపోతుంది. అమ్మమ్మ గడప మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచింది. అమ్మమ్మకు చెవులు సగమే పనిచేస్తాయి. ఆ సగం కూడా తనకు అక్కర్లేని మాటలకే పనిచేస్తుందని అమ్మ అంటుంది.

"అమ్మా, మీ వరసలో పదకొండు నుంచి పన్నెండు దాకా ఏం పని చేస్తారు?"

అమ్మ కుళాయి కట్టేసింది. "ఏముంది, రోజూ చేసేదే. అప్పుడు నీళ్ళ పైపు పెద్ద రంపానికి మళ్ళిస్తారు. మేం అంచులు పొడిగానే గుండ్రం చేస్తాం. ఏం?"

"ఆ గంట లెక్క మాయమైంది. మీ దగ్గరున్న పెట్టెలోనే. మా పొడుగన్న తీసేశాడు."

"తీసేశాడా?" అమ్మ చేతులు తుడుచుకుంటూ ఆగింది. "అంత చదువుకున్నవాడు ఊరికే తీస్తాడా? ఏదో ఉండే ఉంటుంది. పెద్దవాళ్ళ పనిలో నువ్వు వేలుపెట్టకు."

"ఊరికే ఎవరూ ఏదీ తియ్యరే," అంది అమ్మమ్మ గడప మీంచి. "దొంగచేతికి తాళాలిచ్చి, కాపలా ఉన్నాడనుకుంటే ఎలా?"

పరధ్యానంలో అన్న మాటే అయినా అది చిట్టి చెవిలో ముల్లులా దిగింది.

మంగళవారం నాలుగింటికి ఇద్దరూ యార్డుకు వెళ్ళారు. పెట్టెల ముందరి జాలీలు తుడవాలి. "నువ్వు తుడుస్తూ ఉండు, నేను ఆయనతో ఒక ముక్క మాట్లాడి వస్తా," అని పొడుగన్న యజమాని గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

యార్డంతా రాతి పలకలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఒక మూల పెద్ద రంపం నీళ్ళు చిమ్ముకుంటూ బండను కోస్తోంది. దాని చుట్టూ బురద. అవతల రేకుల కింద అంచులు తీసే వరస. తొమ్మిదిమంది ఆడవాళ్ళు, తొమ్మిది బల్లలు. అందరి ముఖాలకూ కళ్ళు మాత్రమే వదిలి గుడ్డలు కట్టి ఉన్నాయి. అందులో చివరి మనిషి అమ్మ. గ్రైండరును పలక అంచు వెంట నిదానంగా నడిపి, ఆపి, బొటనవేలితో అంచు తడిమి, గరుకు తగిలినచోట మళ్ళీ ఒక్క క్షణం ఆనించి తీస్తుంది. ఆమె తల మీది స్తంభానికే మూడో పెట్టె బిగించి ఉంది. పనిచోట తల్లీకూతుళ్ళు మాట్లాడుకోరు. అమ్మ కనుబొమలు ఒకసారి పైకెత్తింది. చిట్టి తలాడించింది. అంతే.

జాలీ తుడుస్తూ చిట్టి గది కిటికీకేసి చూసింది. యజమాని ఒక లావుపాటి పుస్తకం బల్ల మీద ఇవతలికి జరిపాడు. పొడుగన్న దాని మీదికి వంగాడు. టీ వచ్చింది. యజమాని ఏదో అని, కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. పొడుగన్న నవ్వలేదు గానీ టీ తాగాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

గ్లాసులోని టీ అయిపోయేదాకా ఆమె ఒకే జాలీని తుడుస్తూ నిలబడింది.

"ఏం మాట్లాడారన్నా అంతసేపు?" అంది బస్సులో.

"పెట్టెల గురించే."

"మూడో పెట్టె గురించా?"

పొడుగన్న కిటికీ వైపు తిరిగాడు. "నువ్వు పొద్దునపూట ల్యాబుకు పదింటికల్లా వచ్చేస్తావా రోజూ?"

"వస్తాను. ఏం?"

"ఊరికే అడిగాను."

ఇప్పుడు నా రాకపోకలు కూడా కావాలా, అనుకుంది చిట్టి. ఆ గంట గురించి అడిగినందుకు తనను ఎలా తప్పించాలా అని చూస్తున్నాడు. అంతకంటే అర్థమేముంటుంది? యజమానికి పేరు బయటికి రాకపోతే చాలదు, అంకె కూడా బయటికి రాకూడదు. అన్నింటికన్నా దుమ్ము లేచే గంట ఎగిరిపోతే ఇక మిగిలేది ఏమిటి? ఆ దుమ్ములో నిలబడేది ఆయన కాదు, ఈయనా కాదు. బస్సు దిగి ఎవరిదారిన వాళ్ళు పోయేటప్పుడు ఆమె అతనికి వెళ్ళొస్తానని చెప్పలేదు. అతనూ చెప్పలేదు.

బుధవారం ఆమె మేడమ్ గది తలుపు తట్టింది. పొడుగన్న థీసిస్ చూసేది ఆవిడే. ఆ పథకానికి పెద్దా ఆవిడే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని బల్లంతా కళ్ళజోడు కోసం వెతుకుతుండగా చిట్టి లోపలికి వెళ్ళింది.

"నెత్తిన ఉంది మేడమ్."

"ఆఁ, చూశావా? దగ్గరున్నదే కనబడదు. కూర్చో. ఏమిటి?"

దారిపొడుగునా మనసులో వల్లించుకున్న వాక్యాలన్నీ తలకిందులుగా బయటికి వచ్చాయి. ఖాళీ గంట, మూసిన తలుపు, టీ, లావు పుస్తకం. మేడమ్ అంతా విని చివర్న అడిగింది. "ఇందులో నీ కళ్ళతో చూసిందెంత, నువ్వు అనుకున్నదెంత?"

"ఫైల్లో అంకెలు లేవు మేడమ్. అది చూశాను. తీసేశానని ఆయనే అన్నారు. అది విన్నాను."

"పై నెల అతను థీసిస్ ఇవ్వాలి. ఈ మాట బయటికి పొక్కితే నాలుగేళ్ళ పని గంగలో కలుస్తుంది. తెలుసుగా?"

"అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఇంకెవరికీ చెప్పలేదు."

ఆవిడ కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, లేచింది. ల్యాబులోకి వచ్చి, అందరి ముందూ మామూలు గొంతుతోనే అంది. "కార్డుల బీరువా తాళంచెవి ఇలా ఇవ్వు బాబూ. రేపు రెండింటికి నా గదికి రా. మూడో పెట్టె ఫైలు తీసుకుని."

ల్యాబులో ఉన్న నలుగురూ పని ఆపి చూశారు. పొడుగన్న ఎందుకని అడగలేదు. తాళాల గుత్తి తీసి, ఆ ఒక్క చెవినీ వేరు చేయబోయాడు. రింగు బిగువుగా ఉంది. గోరు జారింది. రెండోసారి కూడా జారింది. మూడోసారికి వచ్చింది. మేడమ్ చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళి, విప్పిన పెట్టె ముందు కూర్చున్నాడు. చిట్టివైపు చూడలేదు. చూడకపోవడంతోనే అతనికి తెలిసిపోయిందని ఆమెకు తెలిసింది. గెలిచినట్టు ఉండాలి గదా అనుకుంది. అలా ఏమీ లేదు.

మేడమ్ తాళం తెచ్చి చిట్టికిచ్చింది. "అసలు కార్డులు బీరువాలో ఉంటాయి. వాటిలో ఏముందో నువ్వే చూడు. ఆరోపణ చేసినవాళ్ళు సగం దారిలో ఆగకూడదు."

సాయంత్రం దాకా ఆమె కార్డులు ఒక్కొక్కటే పెట్టి చూసింది. ఫైల్లో లేని గంట కార్డుల్లో ఉంది. కానీ ఆమె అనుకున్నట్టు వేలల్లో లేదు. అరవై ఐదు. డెబ్భై. అరవై ఎనిమిది. యజమాని గది బయట వేలాడే ఒకటో పెట్టెలో కూడా అంత తక్కువ ఉండదు. తొమ్మిదిమంది పొడి రాయి అంచులు అరగదీస్తుంటే దుమ్ము డెబ్భైకి పడిపోవడమేమిటి?

అంటే పెట్టెనే ఏదో చేస్తున్నారన్నమాట. ఆ గంటకు దాని ముక్కు మూస్తున్నారు. మరి మూసి తక్కువ చేసినవాడు ఆ తక్కువ అంకెల్ని తీసేయడం ఎందుకు? మరీ తక్కువగా వచ్చి, చూసిన ఎవరికైనా అనుమానం వచ్చేలా ఉన్నాయని తీసేసి ఉంటాడు. అనుమానానికి సమాధానం దొరకని ప్రశ్న ఉండదు. దుమ్ము అంకెకు కుడిపక్కన ఇంకో రెండు వరసల అంకెలున్నాయి. వాటిని ఆమె చూడలేదు. ఆమె వెతికేది దుమ్మును.

గురువారం ల్యాబుకు వెళ్ళకుండా నేరుగా యార్డుకు వెళ్ళింది. పదిన్నర. గేటు దగ్గరి తాత లావుపాటి పుస్తకం ముందుకు తోశాడు.

"పేరు రాయమ్మా. వేళ కూడా రాయి."

"నేను మా అమ్మను చూడ్డానికి వచ్చాను తాతా."

"ఎవరొచ్చినా రాయాల్సిందే. మొన్న మీ పొడుగాయన ఈ పుస్తకం పట్టుకెళ్ళి పేజీ పేజీ తిరగేశాడు. పొద్దుటిపూట ఎవరెవరొచ్చారని. ఒక్కొక్కళ్ళ చేతిరాత అర్థం కాక అయ్యగారే చదివి పెట్టారట. నవ్వారట కూడా."

కిటికీలోంచి తను చూసిన పుస్తకం ఇదేనా? ఇందులో అతనికేం పని? ఆలోచించే తీరిక లేదు. ఇవాళ అతను వస్తాడు, లేదా అతని మనిషి ఎవరైనా వస్తాడు. చేయి పెట్టెమీద ఉండగా పట్టుకోవాలి. ఆమె రేకుల షెడ్డు పక్కన నిలబెట్టిన పలకల వెనక్కి వెళ్ళి, రెండు పలకల సందులోంచి మూడో పెట్టె కనబడేలా నిలబడింది. ఫోను తీసి కెమెరా తెరిచి పట్టుకుంది.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా నీళ్ళ పైపు మళ్ళించారు. బల్లల మీద తడి ఆరడం మొదలైంది. ఆడవాళ్ళు గుడ్డలు బిగించి కట్టుకుంటున్నారు. ఎవరూ రాలేదు. చిట్టి గేటువైపు చూసింది, గది తలుపువైపు చూసింది. మళ్ళీ పెట్టెవైపు చూసేసరికి అమ్మ స్టూలు మీద నిలబడి ఉంది.

చేతిలో తడిబట్ట. బకెట్లో ముంచి పిండినట్టుంది, చివర్ల నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. అమ్మ దాన్ని రెండు మడతలు వేసి పెట్టె ముందరి జాలీ మీద కప్పింది. జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద వేసినట్టు వేసి, అంచులు వేళ్ళతో నొక్కింది. స్టూలు దిగి, దాన్ని కాలితో బల్ల కిందికి తోసి, ముఖానికి గుడ్డ లాక్కుని, గ్రైండరు ఆన్ చేసింది.

మిగతా ఎనిమిదీ ఒక్కసారి అరిచాయి. దుమ్ము లేచింది. ముందు పిండి చల్లినట్టు పలచగా, తర్వాత చిక్కగా. బల్లలు మాసిపోయాయి. మనుషులు మాసిపోయారు. కాసేపటికి అమ్మ కూడా కనబడలేదు. అంచు వెంట ముందుకీ వెనక్కీ కదులుతున్న ఒక చేయి మాత్రమే కనబడింది. చిట్టి ఫోను పట్టుకున్న చేయి ఎప్పుడు కిందికి వాలిందో ఆమెకే తెలియదు. గొంతులో గీరినట్టై దగ్గింది. ఆపుకోలేక ఇంకోసారి గట్టిగా దగ్గింది.

చేయి ఆగింది. గ్రైండరు ఆగింది.

షెడ్డు వెనక కుళాయి దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. అమ్మ ముఖం మీది గుడ్డ కిందికి లాగింది. గుడ్డ ఉన్నంత మేరా ముఖం అసలు రంగులో ఉంది, పైన నుదురూ రెప్పలూ తెల్లగా ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?" అంది చిట్టి.

"మూడోరోజు నుంచి."

"ఎందుకమ్మా?"

అమ్మ నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. "అప్పుడోసారి ఎవరో వచ్చి కొలుచుకుపోయారు. దుమ్ము ఎక్కువుందన్నారు. దుమ్ము తగ్గిస్తారనుకున్నాం. మనుషుల్ని తగ్గించారు. ఆరుగుర్ని ఆ వారమే ఇంటికి పంపారు. ఇప్పుడు నా నెత్తిమీదే పెట్టె పెట్టావు. అది ఎక్కువంటే ముందు లేచేది ఎవరి బల్ల?"

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏం చేసేదానివి? విప్పి పట్టుకుపోయేదానివి. నీ చదువు ఏమయ్యేది?"

"అంతేనా?"

అమ్మ గోళ్ళలోని తెలుపును బొటనవేలితో తవ్వుకుంది.

"మొదట అంతే," అంది చివరికి. "తర్వాత... సాయంత్రంపూట కూర్చుని ఎర్రగీత, పచ్చగీత అని గీస్తుంటావు చూడు. ఇదుగో అమ్మా ఇది మీ వరస, అని చూపించావు ఓరోజు. ఆ గంట నాది చిట్టీ. నేను పీల్చేది అది. అదెంతో లెక్క చూశాక నీకు ముద్ద దిగుతుందా? అందరిదీ కొలుచుకో. నాది మాత్రం నువ్వు కొలవకు."

చిట్టికి ఏడుపు రాలేదు. కుళాయి గట్టు మీద కూర్చుంది.

"మా అన్నను రెండింటికి పిలిచారమ్మా. నావల్లే. అతనే చేశాడని నేనే చెప్పాను. అందరి ముందూ తాళం తీసుకున్నారు."

"ఆ పొడుగబ్బాయినా?" అమ్మ ముఖం మారింది. "వచ్చినప్పుడల్లా నాకు దండం పెడతాడే వాడు."

"ఇప్పుడు నేనేం చెప్పను? నీ పేరు చెప్తే నిన్ను పంపేస్తారు. చెప్పకపోతే..."

షెడ్డు లోపల్నుంచి ఎవరో అమ్మను కేకేశారు. అమ్మ గుడ్డ ముఖం మీదికి లాక్కుంది. "చూసి మాట్లాడు," అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది. ఏం చూసుకోవాలో చెప్పలేదు.

రెండింటికి మేడమ్ బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. చిట్టి కార్డుల్లోంచి అచ్చు తీసినవే. పొడుగన్న కుర్చీ అంచున కూర్చున్నాడు. మోకాళ్ళు బల్లకు తగులుతున్నాయి. చిట్టి పక్కన నిలబడి ఉంది.

"తీసేయడం నిజమేనా?" అంది మేడమ్.

"నిజమే మేడమ్."

"కారణం రాయకుండా?"

"తప్పే. రాయాల్సింది."

"ఏమిటా కారణం?"

"ఇంకా తేలలేదు. తేలాక రాద్దామనుకున్నాను."

"తేలనిదాన్ని తీసేసే హక్కు నీకెవరిచ్చారు?"

అతను తల వంచుకున్నాడు. మేడమ్ కళ్ళజోడు కిందికి దించి కాగితం మీద వేలు జరుపుకుంటూ కుడివైపుకు వెళ్ళింది. వేలు ఆగింది. "ఇదేమిటి? తేమ తొంభైనాలుగు? తొంభై ఆరు? అంతకుముందు నలభై ఉంది. ఆ రోజు వానేమైనా పడిందా?"

కాగితం అతని వైపు తిప్పింది.

"తడిబట్ట," అన్నాడు పొడుగన్న నేలకేసి చూస్తూ. "మొదటిరోజే అర్థమైంది మేడమ్. పెట్టె మీద తడిబట్ట కప్పితేనే అలా వస్తుంది. ఎవరు కప్పారో తెలీలేదు."

"అయితే నాకు చెప్పాలి కదా? ఈ పిల్లకైనా చెప్పాలి."

అతను చిట్టికేసి చూశాడు. సోమవారంనాటి చూపే. ఇప్పుడు దాని అర్థం ఆమెకు తెలిసింది.

"నువ్వేమో అనుకున్నాను," అన్నాడు. "మీ అమ్మగారి పని పోతుందని నువ్వే కప్పి వస్తున్నావేమో అనుకున్నాను. యార్డుకు సంబంధించినవాళ్ళలో పెట్టె ఎలా పనిచేస్తుందో తెలిసినదానివి నువ్వొక్కదానివే. అందుకే గేటు పుస్తకం చూశాను. నువ్వు ల్యాబుకు ఎన్నింటికొస్తున్నావో కూడా రాసుకున్నాను. పుస్తకంలో పొద్దుటిపూట నీ పేరు లేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. అడిగితే నువ్వు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో తెలీలేదు. ఫైల్లో కారణం రాస్తే ఎవరని అడుగుతారు. అందుకని ఊరుకున్నాను."

తనను దొంగగా రాసుకున్న మనిషి! చిట్టి చెవులు వేడెక్కాయి. నన్ను ఎలా అనుకున్నారని నోటిదాకా వచ్చింది. ఆ మాట అనే నోరు తనకెక్కడిది? అతను అనుమానించి దాచిపెట్టాడు. తను అనుమానించి గది తలుపు తట్టింది.

ఇప్పుడు ఒక్క మాట మిగిలింది. ఎవరో పనివాళ్ళు చేసి ఉంటారని అనేస్తే సరిపోతుంది. అతను బయటపడతాడు, అమ్మా బయటపడుతుంది. ఏ పనివాళ్ళని అడిగితే తొమ్మిదిమందీ అనుమానంలో పడతారు. ఈ నాలుగు రోజులుగా తను అతన్ని చూసిన చూపు ఆ తొమ్మిది ముఖాల మీద పడుతుంది.

"మా అమ్మ," అంది చిట్టి. "ఇవాళ నా కళ్ళతో చూశాను. అనుకున్నది కాదు."

మేడమ్ పెన్ను తీసుకుంది. "ఆ గంటలకు పక్కన రాయండి, పెట్టె మీద తడిబట్ట కప్పారు అని. ఎవరన్నది రాయక్కర్లేదు. పని పోతుందన్న భయంతో అని రాయండి. అది కూడా ఒక ఫలితమే. తీసిన అంకెలన్నీ తిరిగి పెట్టండి." తాళంచెవి బల్ల మీద పొడుగన్న ముందుకు జరిపింది. చిట్టివైపు తిరిగింది. "నిన్ను ఆ యార్డు పనిలోంచి తప్పిస్తున్నాను. శిక్ష అనుకోకు. మీ అమ్మగారి ఊపిరిని నువ్వే కొలవడం ముందే తప్పు. ఆ తప్పు నాది, ఆలోచించలేదు. రేపట్నుంచి ల్యాబులో పెట్టెలు సరిచూసే పని చెయ్యి."

వరండాలో చిట్టి వెనకనుంచి పిలిచింది. "అన్నా."

అతను ఆగాడు.

"సారీ."

పర్లేదులే అంటాడనుకుంది. అనలేదు. "ఊఁ," అన్నాడు. కొంచెం ఆగి, "నేనూ అనాలి ఆ మాట. ఇవాళ నోరు రావట్లేదు," అని తల వంచి తలుపు దాటి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మ ఒక్కటే అడిగింది. "పేరు రాశారా?"

"లేదు. నేను నోటితో చెప్పాను. వాళ్ళు రాయలేదు."

అమ్మ తలాడించింది. "ఏమంటోందే?" అని అమ్మమ్మ రెండుసార్లు అడిగినా ఎవరూ చెప్పలేదు.

శనివారం ల్యాబులో చిట్టి బల్ల మీద ఒక కాగితం ఉంది. పొడుగన్న పెట్టి వెళ్ళాడు. శుక్రవారం లెక్క. మూడో పెట్టె, పదకొండు నుంచి పన్నెండు. ఖాళీ లేదు. తేమ నలభై ఒకటి. దుమ్ము నాలుగు వేల రెండు వందలు.

ఆ అంకెను ఆమె మూడుసార్లు చదివి, కాగితం మడిచి సంచిలో వేసుకుంది. ఇంట్లో చెప్పకూడదని దారిలోనే నిశ్చయించుకుంది.

అమ్మ కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటూ, ఇటు తిరగకుండానే అడిగింది. "నిన్న గుడ్డ వెయ్యలేదు. ఎంత వచ్చింది?"

"నీది కొలవద్దన్నావుగా."

"నువ్వు కొలవద్దన్నాను. ఆ అబ్బాయి కొలిచాడుగా. చెప్పు."

"నాలుగు వేల రెండు వందలు."

"అంటే?"

"ఇప్పుడు మన ఇంట్లో కొలిస్తే ఓ అరవై ఉంటుంది."

అమ్మ మనసులో లెక్క వేసింది. పెదాలు కదిలాయి. కుళాయి పారుతూనే ఉంది. "డెబ్భై ఇళ్ళ దుమ్మన్నమాట," అంది. చేయి చాచి కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకోకుండానే వచ్చి చిట్టి ఎదురుగా కూర్చుంది. మోచేతుల మీంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"ఇవాళ మధ్యాహ్నం వరసలో అందరికీ చెప్పాను, గుడ్డ కప్పింది నేనేనని. తిడతారనుకున్నాను. రెండో బల్ల ఆవిడ నవ్వింది. నువ్వు కప్పకపోతే నేను కప్పేదాన్నే, నాకు అందలేదు, అంది." అమ్మ కూడా కొంచెం నవ్వి ఆపేసింది. "మీ అన్నతో చెప్పు. ఒక పెట్టె చాలదు. ఒక్క పెట్టె అబద్ధమాడిందంటారు. రెండో బల్ల దగ్గర ఒకటి, ఐదో బల్ల దగ్గర ఒకటి పెట్టమను. పదకొండింటికి మాకూ నీళ్ళు కావాలని రాసి, యజమానికి ఇస్తాం. మనుషుల్ని తగ్గించకుండా దుమ్మే తగ్గించాలని రాస్తాం. కింద పేర్లు పెడతాం."

"పేర్లా?"

"ఒక్కదాని పేరైతే ఒక్కదాన్ని పంపేస్తాడు. తొమ్మిదిమందివీ ఉంటే వరసంతా ఖాళీ చెయ్యాలి. అంచులు ఆయన తీస్తాడా?"

"నిజంగా పంపేస్తేనో?"

"పంపొచ్చు," అంది అమ్మ. ఆ మాటను తేలిక చేయడానికి ఏమీ ప్రయత్నించలేదు. "పుస్తకం తియ్యి. నీ చేతిరాత బాగుంటుంది."

చిట్టి సంచిలోంచి నోటుపుస్తకం తీసి కొత్త పేజీ తిప్పింది. అమ్మ మొదటి బల్ల దగ్గర్నుంచి ఒక్కో పేరూ చెప్పుకుంటూ వచ్చింది. ఎవరి పేరు ఎలా రాయాలో, ఎవరికి పూర్తిపేరుంటేనే నచ్చుతుందో అన్నీ చెప్పింది. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో పేరు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత తనదీ చెప్పింది, ఇంటిపేరుతో సహా.